రెండో దారి: కోయంబేడు మూతపడిన ఏడాది పలమనేరు టమాటా ఎలా కదిలింది

2020 మే 5న చెన్నైలోని కోయంబేడు మార్కెట్‌ను మూసేశారన్న కబురు మా గ్రేడింగ్ షెడ్డుకు చేరినప్పుడు అందరూ కాయల గురించే దిగులు పడ్డారు. నాకు ఖాళీ బాక్సులు గుర్తొచ్చాయి. 15 కిలోల టమాటా పట్టే మా ప్లాస్టిక్ బాక్సులు సగానికి పైగా ఆ మార్కెట్లోనే ఉండిపోయాయి. ఈ రోజు కాయ పోయినా మూడు నాలుగు రోజులకు తోట మళ్లీ కోతకు వస్తుంది. బాక్సు లేకపోతే కోతే సాగదు. గోనెసంచిలో పోస్తే టమాటా ఊరి పొలిమేర దాటేలోపే నలిగిపోతుంది. సంఘం పెట్టిన నాటి నుంచి ధర, తూకం, కమీషను అంటూ ఎన్నో లెక్కలు రాసుకున్నాం. మా బాక్సులు ఏ రోజు ఎక్కడ ఉన్నాయో చెప్పే పుస్తకం మాత్రం మా దగ్గర ఒక్కటీ లేదు.

పలమనేరు, గంగవరం, బైరెడ్డిపల్లె మండలాల రైతులు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల సంఘంలో సరుకు సేకరణ, రవాణా నా బాధ్యత. 2020 మార్చి నుంచి 2021 నవంబరు దాకా మేం పడిన పాట్లు, చేసిన మార్పులు, వాటిలో నిలిచినవి, నిలవనివి ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి సంఘాలలో ఇదే పని చేస్తున్నవారికి ఉపయోగపడాలని నా కోరిక. ఆ రోజుల్లో మమ్మల్ని అడిగి తెలుసుకునేందుకు ముందు నడిచినవారు లేకపోయారు.

గొలుసు ఎలా ఉండేది

అప్పటికి జిల్లాలు విడిపోలేదు. మదనపల్లె కూడా చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె, ములకలచెరువు, పుంగనూరు, పలమనేరు, వి.కోట ప్రాంతాలు సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైగా ఎత్తున ఉంటాయి. మైదాన ప్రాంతాల్లో ఎండలకు పూత రాలిపోయే నెలల్లోనూ ఇక్కడ కాయ పడుతుంది. వేసవిలో చెన్నై, తిరుపతి వంటిళ్లకు మా టమాటా చేరడానికి ఇదే కారణం. డిసెంబరు, జనవరి నెలల్లో నాటిన నారు మార్చి, ఏప్రిల్‌కు కోతకు వస్తుంది. సరిగ్గా తోటలు ముమ్మరంగా కాసే వేళకు లాక్‌డౌన్ వచ్చి పడింది.

మా సరుకులో అధిక భాగం కోయంబేడుకే వెళ్లేది. రాత్రి లోడు ఎత్తితే తెల్లవారుజామున వేలానికి అందుతుంది. అక్కడి మండీల వాళ్లతో, అంటే కమీషను మీద సరుకు వేలం వేసే వ్యాపారులతో, ఏళ్ల తరబడి పరిచయం. సాగు పెట్టుబడికి అడ్వాన్సు ఇచ్చేదీ వాళ్లే, సరుకు వాళ్లకే పంపాలన్న మాట కూడా అందులోనే ఉండేది. మిగిలింది తిరుపతి హోటళ్లకు, భోజనశాలలకు సరఫరా చేసే టోకు వ్యాపారులకు పోయేది. దగ్గరలోనే కర్ణాటక వైపు ముళబాగిలు దారిలో వడ్డహళ్లి టమాటా మార్కెట్ ఉన్నా, అక్కడ మాకు తెలిసిన మండీ ఒక్కటీ లేదు. అవసరం రాలేదు కాబట్టి ఆ గడప తొక్కలేదు. ఆ ఏడాది మేం పడిన కష్టాలన్నిటికీ మొదలు ఇదేనని ఇప్పుడు నమ్ముతున్నాను.

కొండ మీద దర్శనాలు ఆగిన వారం

మాకు తొలి దెబ్బ లాక్‌డౌన్ కంటే ముందే, తిరుపతి వైపు నుంచి తగిలింది. 2020 మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆపేశారు. మామూలు రోజుల్లో 60,000 నుంచి 70,000 మంది కొండ ఎక్కే చోటు అది. వాళ్లంతా కింద తిరుపతిలో తింటారు, టిఫిను చేస్తారు, కాఫీ తాగుతారు. ఒక్క రోజులో ఆ ఆకలి ఊరు వదిలి వెళ్లిపోయింది. హోటళ్లు, లాడ్జీలు, బస్టాండు చుట్టూ ఉన్న టిఫిను బండ్లు అన్నీ మూతపడ్డాయి. జూన్ 8న ప్రయోగాత్మకంగా దర్శనాలు మొదలై, 11 నుంచి సాధారణ భక్తులకు అవకాశం ఇచ్చేదాకా దాదాపు 80 రోజులు అదే స్థితి.

తినేవాళ్లు తగ్గలేదు. తిరుపతిలో సాంబారు తినవలసిన యాత్రికుడు ఆ రోజు తన ఊళ్లో, తన ఇంట్లో తిన్నాడు. హోటలు వాడు పది బాక్సులు ఒకేసారి కొంటాడు, గృహిణి అరకిలో కొంటుంది. బాక్సును అరకిలోలుగా విడగొట్టి ఇంటి ముందుకు చేర్చే ఏర్పాటు మా దగ్గర లేదు. పొలంలో పారబోసిన టమాటా ఫొటోలు, పట్నంలో టమాటా దొరకలేదన్న వార్తలు ఒకే రోజు పత్రికలో పక్కపక్కనే వచ్చింది ఇందుకే.

ఆ వారంలోనే బైరెడ్డిపల్లె దగ్గర మా సభ్యురాలు ఒక పెద్దావిడ తన అర ఎకరం తోటలో నిలబడి అడిగింది. “కాయ కోస్తే కూలి దండగ. కోయకపోతే చెట్టుకు చేటు. ఏం చేయమంటావు నాయనా?” ఆమె అడిగింది నిజమైన ప్రశ్నే. పండిన కాయ చెట్టునే కుళ్లితే పురుగు పడుతుంది, కొత్త పూత తగ్గుతుంది. ధర లేదని రెండు కోతలు వదిలేస్తే ధర వచ్చే నాటికి తోట మిగలదు. కోత ఆగకూడదు అన్నది అప్పటి నుంచి మా మొదటి నియమం. కోత కూలి, బాక్సు, రవాణా గిట్టుబాటయ్యే మేరకైనా ఏదో ఒక అమ్మకం దొరకాలి, లాభం తర్వాతి మాట.

కోతకు మనుషులు దొరకడం కూడా కష్టమైంది. పొరుగూరి కూలీలు రాలేకపోయారు. ఊరి దారులకు ముళ్లకంప అడ్డం వేసుకున్న రోజులవి. చాలా చోట్ల పాత పద్ధతిలో బదులు పనికి మళ్లారు: ఈ రోజు మీ తోట, రేపు మా తోట. దీనికి మేం చేసిందేమీ లేదు, రైతుకుటుంబాలు తామే చేసుకున్నాయి. మేం కోత రోజులు ఊరువారీగా పంచి, ఒకే ఊళ్లో అన్ని తోటలూ ఒకే రోజు కోతకు రాకుండా చూశాం.

డ్రైవరు భోజనం, ఖాళీ లారీ

కాగితం మీద మాకు అడ్డంకి లేదు. కేంద్ర హోంశాఖ మార్చి 27న ఇచ్చిన ఉత్తర్వులో వ్యవసాయ పనులకు, మార్కెట్లకు, పంట సేకరణకు మినహాయింపు ఉంది. ఆ కాగితం ప్రతిని ప్రతి లారీలో పెట్టాం. అయినా మొదటి పది రోజుల్లో మూడు లోడ్లు వెనక్కి తిరిగి వచ్చాయి. ఎందుకని ఒక్కొక్క డ్రైవరుతో కూర్చుని మాట్లాడితే, పోలీసులు ఆపినందుకు తిరిగి వచ్చినది ఒక్కటే. మిగిలిన రెండూ దారిలో తిండి దొరకక, టైరు పంక్చరైతే అంటించే మనిషి లేక వెనక్కి వచ్చాయి. ధాబాలు, పంక్చరు దుకాణాలు ‘అత్యవసరం’ కింద రాలేదు. వాటి మీదే ఆహార రవాణా అంతా నడుస్తోందని అంతకుముందు ఎవరూ గమనించలేదు, మాతో సహా.

ఆ రోజు నుంచి లోడుతో పాటు డ్రైవరుకు, క్లీనరుకు రెండు పూటల పులిహోర, మజ్జిగ, నీళ్లు, ఒక అదనపు స్టెప్నీ టైరు పంపాం. ఖర్చు చాలా తక్కువ. తిండి లేదని గానీ, టైరు పోయిందని గానీ ఆ తర్వాత ఒక్క లోడూ వెనక్కి రాలేదు. ఈ పనిలో ఉన్నవారు యాప్‌ల గురించి, శీతల గిడ్డంగుల గురించి ఆలోచించే ముందు డ్రైవరు ఎక్కడ తింటాడు, ఎక్కడ పడుకుంటాడు అన్నది రాసుకోవాలని గట్టిగా చెబుతున్నాను.

ఖాళీ లారీల సంగతి ఇంకా పెద్దది. సరుకుతో వెళ్లే లారీని వదిలేవారు. దించేసి ఖాళీగా వచ్చే లారీని ఆపేవారు, అందులో నిత్యావసర సరుకేమీ లేదు కదా అని. మా ఖాళీ బాక్సులు వచ్చేది ఆ లారీలోనే. ఖాళీ లారీలను కూడా వదలాలని ఏప్రిల్‌లో కేంద్రం స్పష్టంగా చెప్పేదాకా బాక్సులు చెన్నైలో పేరుకుపోతూనే ఉన్నాయి. ఏప్రిల్ చివరి వారంలో సైనగుంట దగ్గర తమిళనాడు సరిహద్దు రోడ్డుకు అడ్డంగా సిమెంటు ఇటుకల గోడే కట్టేశారు. ఒకటి రెండు రోజుల్లో దాన్ని తొలగించినా, గుడియాత్తం దారి మీద ఆధారపడిన మా బండ్లు ఆ రెండు రోజులూ చిత్తూరు, నరహరిపేట మీదుగా చుట్టూ తిరిగి వెళ్లాయి. అదృష్టవశాత్తూ ఆ దారి మా డ్రైవర్లకు తెలుసు.

బాక్సుల లెక్క చూడటానికి సులువు. రోజుకు 1,000 బాక్సుల కోత ఉందనుకుందాం. వెళ్లిన బాక్సు రెండు రోజుల్లో తిరిగొస్తే 2,000 బాక్సులతో పని నడుస్తుంది. ఆరు రోజులు పడితే 6,000 కావాలి. కోత పెరగలేదు, రైతులు పెరగలేదు, దారి నిడివీ పెరగలేదు, అయినా అవసరం మూడింతలైంది. ఈ లెక్క మేం వేసుకునే నాటికి మార్కెట్లో కొత్త బాక్సులు దొరకడం లేదు, తయారుచేసే కర్మాగారాలూ మూతపడ్డాయి.

కోయంబేడు

ఏప్రిల్ చివర కోయంబేడులో వైరస్ వ్యాపించింది. మే 5న మార్కెట్ మూసి, 10 నుంచి చెన్నై శివారు తిరుమళిశైలో తాత్కాలిక మార్కెట్ తెరిచారు. ఆ మే నెలలో చిత్తూరు జిల్లాలో బయటపడిన కేసుల్లో చాలా వాటి మూలాలు కోయంబేడులోనే తేలాయి. కూరగాయలు వెళ్లిన దారిలోనే రోగం వెనక్కి వచ్చింది. లోడు దించిన హమాలీ, పక్కన నిలబడిన డ్రైవరు, లారీతో పాటు వెళ్లి డబ్బు తెచ్చుకునే రైతు, వీళ్లే దాన్ని ఊళ్లలోకి మోసుకొచ్చారు. వాళ్ల తప్పు ఏ కొంచెమూ లేదు. వాళ్లకు మాస్కు ఇచ్చినవారు, కడుక్కోవడానికి నీళ్లు పెట్టినవారు లేరు. కొన్ని ఊళ్లలో మా డ్రైవర్లను ఇంటికి కూడా రానివ్వలేదు. ఒక డ్రైవరు పదకొండు రోజులు మా షెడ్డు పక్క గదిలోనే ఉన్నాడు. పిల్లలు గేటు అవతలి నుంచి చూసి వెళ్లేవారు. ఆ దృశ్యం నాకు ఇప్పటికీ కలుక్కుమంటుంది.

రైతులు లారీతో వెళ్లడం మాన్పించాం. డబ్బు నేరుగా ఖాతాకే రావాలని, రాకపోతే మరుసటి లోడు లేదని మండీలతో తేల్చుకున్నాం. డ్రైవరు క్యాబిన్ దిగకుండా అక్కడి హమాలీలే దించే ఏర్పాటు చేశాం. తిరిగి వచ్చిన బాక్సులను బ్లీచింగు నీళ్లతో కడిగి, ఒక రోజంతా ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే పొలానికి పంపాం. బాక్సుల మీది వైరస్ గురించి అప్పుడున్నంత భయం ఇప్పుడు లేదు. అయినా ఆ కడుగుడు ఇప్పటికీ మానలేదు, ఎందుకంటే కుళ్లు తగ్గింది. పాత బాక్సుల మూలల్లో అంటుకుని ఎండిన టమాటా గుజ్జు నుంచే బూజు కొత్త కాయకు అంటుతోందని అప్పుడు అర్థమైంది.

తిరుపతి సంచులు

ఇళ్లకు నేరుగా అమ్మాలన్న ఆలోచన మా అందరిలోనూ ఉంది. తిరుపతిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు ఫోను చేసి, “మా అపార్టుమెంటులో నలభై ఇళ్లు ఉన్నాయి, ఏం పంపగలరు చెప్పండి” అని అడిగాక అది పనిగా మారింది. ఆయన తన వీధిలోని మరో మూడు అపార్టుమెంట్ల వాళ్లతో మాట్లాడి పెట్టారు. రోజూ సాయంత్రం ఆయనే ఆర్డర్లు రాసి మాకు వాట్సాప్‌లో పంపేవారు. ఆయన లేకపోతే ఈ భాగం రాయడానికి ఏమీ ఉండేది కాదు.

టమాటా ఒక్కటే తీసుకెళ్తే ఎవరూ కొనరు. సంచి అంటే వారానికి సరిపడా కూర. వంకాయ, బీర, బీన్సు, క్యాబేజీ, పచ్చిమిర్చి, కొత్తిమీర మా మండలాల్లోనే దొరికాయి. ఉల్లిగడ్డలు, ఆలుగడ్డలు బయట కొనక తప్పలేదు. ఉల్లి లేని సంచిని రెండో వారం ఎవరూ అడగరని మొదటి వారంలోనే తెలిసింది. టమాటా అమ్ముకోవడానికి ఉల్లిగడ్డలు కొనవలసి వస్తుందని సంఘం పెద్దలను ఒప్పించడానికి ఒక సాయంత్రమంతా పట్టింది.

లాక్‌డౌన్ సడలింపు ఉదయం కొద్ది గంటలే. ఆ వేళకు తిరుపతిలో సంచులు దిగాలంటే మినీ వ్యాను అర్ధరాత్రి దాటగానే పలమనేరు నుంచి బయలుదేరాలి. చీకట్లో మొగిలి ఘాట్ దిగాలి. రాత్రి పది గంటల దాకా షెడ్డులో స్త్రీలు సంచులు నింపేవారు. మొదటి రెండు రోజులు టమాటాను సంచి అడుగున వేసి పైన క్యాబేజీ పెట్టాం. అపార్టుమెంటు దగ్గర సంచి విప్పితే అడుగున రసం కారుతోంది. అన్నిటికీ డబ్బు వాపసు ఇచ్చి, మర్నాడు మళ్లీ పంపాం. ఆ వాపసే మమ్మల్ని నిలబెట్టిందని ఆ ఉపాధ్యాయుడు తర్వాత చెప్పారు.

ధర రోజూ మార్చలేదు. వారానికి ఒకసారి, ఆదివారం నాడు నిర్ణయించి ఇటు రైతుకు, అటు ఇంటివారికి ముందే చెప్పేవాళ్లం. వేలంలో ధర పడిపోయిన వారాల్లో రైతుకు ఇది అండగా నిలిచింది. ధర పెరిగిన వారంలో కొందరు రైతులు సరుకు వేలానికి మళ్లించారు. వాళ్లను తప్పుపట్టలేను, ఏడాదిలో ఆ నాలుగు రోజుల ధర మీదే వాళ్ల అప్పు తీరుతుంది. వారం ధర ఒప్పుకున్న రైతు ఆ వారానికి కనీసం చెప్పిన బాక్సులు ఇచ్చి తీరాలి, మిగిలింది ఎక్కడైనా అమ్ముకోవచ్చు అని మార్చాక గొడవ సద్దుమణిగింది.

ఎంత తిరిగినా సంచుల అమ్మకం మా మొత్తం కోతలో పదో వంతును మించలేదు. నేరుగా ఇళ్లకు అమ్మితే రైతు కష్టాలన్నీ తీరతాయని చెప్పేవారితో నేను ఏకీభవించను. లారీలలో వెళ్లే పంటను సంచులు మింగలేవు. ఆ పదో వంతు చేసిన మేలు వేరే: కోత ఆగకుండా చూసింది, రోజూ చేతికి కొంత డబ్బు తెచ్చింది. చిన్న రైతుల సరుకే ముందు సంచులకు తీసుకోవాలని పెట్టుకున్నాం కాబట్టి, ఆ అర ఎకరం పెద్దావిడ తోట జూన్ దాకా కాసింది.

దోరకాయ

ఆ ఏడాది మాకు పైసా ఖర్చు లేకుండా దొరికిన గిడ్డంగి చెట్టే. చెన్నైకి పంపేటప్పుడు పండుబారిన కాయ కోసేవాళ్లం, ఎందుకంటే తెల్లవారే సరికి అమ్ముడవుతుంది. దారి ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియనప్పుడు పండు కోయడం అంటే నష్టాన్ని కోయడమే. కింది కొనలో లేత గులాబీ రంగు తిరగగానే, దోరగా ఉన్నప్పుడే కోయించాం. అలాంటి కాయ నీడలో, గాలి తగిలే చోట నాలుగైదు రోజులు నిలుస్తుంది, మెల్లగా రంగు తిరుగుతుంది. లారీ ఒక రోజు ఆగినా కంగారు ఉండదు.

కూలీలకు ఇది కొత్త. రంగు చూసి కోసే అలవాటు చేతికి వెంటనే రాదు. అనుభవం ఉన్న ఇద్దరు స్త్రీలను ఒక్కో ఊరికి పంపి, తోటలోనే నిలబడి చూపించేలా చేశాం. మరీ పచ్చికాయ కోస్తే రంగు వచ్చినా రుచి రాదు, వాళ్లు పట్టి పట్టి నేర్పింది ఆ తేడానే.

శీతల గిడ్డంగిలో ఎందుకు పెట్టలేదని మమ్మల్ని చూడటానికి వచ్చిన ప్రతివారూ అడిగారు. 10 డిగ్రీల కంటే కింద ఉంచితే దోరకాయ సరిగా పండదు, బయటికి తీశాక మచ్చలు పడి కుళ్లుతుంది. చింతపండు లాంటి సరుకు కోసం కట్టిన గదుల్లో పెట్టడం టమాటాకు మేలు చేయదు. టమాటాకు కావలసింది నీడ, గాలి, 12 నుంచి 15 డిగ్రీల చల్లదనం. అలాంటి గది చిన్నది ఒకటి తర్వాత కట్టుకున్నాం, ఒక లోడుకు సరిపోతుంది.

కుదరనివి

చిత్తూరు చుట్టూ మామిడి గుజ్జు కర్మాగారాలు చాలా ఉన్నాయి. వాటికి టమాటా ఇవ్వవచ్చు కదా అనుకున్నాం. ఒక కిలో చిక్కటి టమాటా పేస్టుకు ఆరేడు కిలోల కాయ కావాలి. మా దగ్గర పండేవి గట్టి తోలు, నీరు ఎక్కువగా ఉండే హైబ్రిడ్లు, లారీ ప్రయాణానికి పెంచిన రకాలు. వాళ్లు చెప్పిన ధరకు కోత కూలి కూడా రాదు. పైగా జూన్ వచ్చేసరికి వాళ్లకు తోతాపురి మామిడి దిగుతుంది, యంత్రాలు ఖాళీ ఉండవు. గుజ్జుకు పనికొచ్చే రకాలను కొంత విస్తీర్ణంలో ముందే ఒప్పందంతో వేస్తే తప్ప ఈ దారి తెరుచుకోదు.

ఎండబెట్టడం కూడా చేసి చూశాం. దాదాపు ఇరవై కిలోల కాయ ఎండితే ఒక కిలో ఒరుగు అవుతుంది. ఒరుగు బాగానే వచ్చింది, కొనేవారు రాలేదు. మన వంటల్లో టమాటా ఒరుగు అలవాటు తక్కువ. నాలుగు నెలలు ఉంచి పంచిపెట్టాం.

నాట్లు విడతలుగా వేయించాలన్న ప్రయత్నం అన్నిటికంటే ఎక్కువ నిరాశ మిగిల్చింది. అందరూ ఒకేసారి వేస్తే ఒకేసారి కాస్తుంది, ఒక్క రోడ్డు మూతపడినా అందరూ మునుగుతారు. పదిహేను రోజుల తేడాతో మూడు జట్లుగా వేయాలని తీర్మానం చేశాం. బోరులో నీళ్లు ఉన్నప్పుడే నాటాలి, నారుమడి వాడు ఇచ్చినప్పుడే తీసుకోవాలి. తీర్మానం కాగితం మీదే ఉండిపోయింది. నీటి భద్రత లేని చోట పంట కాలాన్ని పంచుకోమని చెప్పే అర్హత మాకు లేదని ఇప్పుడు అనుకుంటున్నాను.

పాలు ఎందుకు ఆగలేదు

అదే జిల్లాలో, అవే రోజుల్లో, మా కళ్ల ముందే ఒక గొలుసు తెగకుండా నడిచింది. 2020 మార్చి 26న రేణిగుంట నుంచి ఢిల్లీలోని హజ్రత్ నిజాముద్దీన్‌కు ‘దూద్ దురంతో’ పాల రైలు బయలుదేరింది. ఒక్కో ట్యాంకరులో 40,000 లీటర్లు. దేశమంతా ప్రయాణికుల రైళ్లు ఆగి ఉన్న వారం అది. లాక్‌డౌన్‌కు ముందు ఈ ట్యాంకర్లను ప్రయాణికుల రైలుకు తగిలించి పంపేవారు. ఆ రైళ్లు ఆగగానే రైల్వే వాళ్లు ప్రత్యేక రైలు వేశారు.

అంత వేగంగా ఎలా కుదిరిందని చాలా రోజులు ఆలోచించాను. ట్యాంకర్లు ముందే ఉన్నాయి. నింపే చోటు, దించే చోటు, కొనేవారు, పత్రాలు, నాణ్యత పరీక్ష అన్నీ ముందే నడుస్తున్నాయి. మారింది ఇంజను ఒక్కటే. ఊరూరా రోజుకు రెండు పూటలా పాలు పోసే అలవాటు, శీతలీకరణ కేంద్రం, మిగిలితే పొడిగా మార్చే కర్మాగారం వీటన్నిటి వెనుక దశాబ్దాల పని ఉంది. మా వడ్డహళ్లి దారిలో ఇలాంటిదేమీ లేదు. మే రెండో వారంలో అక్కడికి మొదటిసారి లోడు పంపితే, తెలియని సంఘం సరుకని అన్నిటికంటే చివర వేలం వేశారు, తక్కువకు పోయింది. కష్టకాలంలో కొత్తగా తలుపు తట్టినవారిని ఎవరు నమ్ముతారు?

రెండోసారి, మూడోసారి

2020 జులై 21 నుంచి తిరుపతిలో మళ్లీ ఆంక్షలు వచ్చాయి, దుకాణాలు ఉదయం 11 గంటల దాకానే. సంచుల బండి అప్పటికే తెల్లవారకముందే చేరే అలవాటులో ఉంది కాబట్టి ఒక్క రోజు కూడా ఆగలేదు. 2021 మే 5న రాష్ట్రమంతటా మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ పెట్టారు. అప్పటికి మా దగ్గర బాక్సుల పుస్తకం ఉంది, నాలుగో వంతు బాక్సులు అదనంగా ఉన్నాయి, వడ్డహళ్లిలో రెండు మండీలకు మేం తెలుసు. రెండో దశలో మనుషులను పోగొట్టుకున్నాం. మా హమాలీ ఒకరు, ఇద్దరు సభ్యులు పోయారు. సరుకు ఆగలేదని రాస్తున్నప్పుడు వాళ్ల పేర్లు నా మనసులో ఉన్నాయి.

2021 నవంబరులో వచ్చింది రోగం కాదు, వాన. తిరుపతి వీధులు నీట మునిగాయి, రోడ్లు కోతకు గురయ్యాయి, తోటలు కుళ్లాయి. టమాటా కిలో 100 రూపాయలు దాటింది. ఈసారి సరుకు లేదు, కొనేవారు ఉన్నారు. తిరుపతి ఇళ్లకు వారం ధరకు ఇస్తామని మాట ఇచ్చి ఉన్నాం. ఉన్న కొద్ది కాయలో సంచులకు ఇవ్వవలసింది ఇచ్చాకే మిగిలింది వేలానికి పంపాం. కొందరు సభ్యులు కోప్పడ్డారు. 2020 ఏప్రిల్‌లో మన టమాటా కొన్నది ఆ ఇళ్లవారే అని గుర్తుచేశాను. కోపం పూర్తిగా పోలేదు.

బుధవారం లోడు

ఇప్పుడు ఏ ఒక్క మార్కెట్‌కూ సగానికి మించి సరుకు పంపడం లేదు. పెట్టుబడి అడ్వాన్సు మండీల నుంచి తీసుకోవడం తగ్గించి, సంఘం ద్వారా బ్యాంకు రుణం ఇప్పిస్తున్నాం. అడ్వాన్సు ఉన్నంత కాలం దారి మార్చుకునే స్వేచ్ఛ రైతుకు లేదు. బాక్సుకు డిపాజిట్ కట్టనిదే సరుకు దించడం లేదు. మొదట మండీలు ఒప్పుకోలేదు, రంగు వేసి నంబర్లు రాసిన బాక్సులు చూశాక ఒప్పుకున్నాయి.

ప్రతి బుధవారం ఒక లోడు వడ్డహళ్లికి వెళ్తుంది, ధర ఉన్నా లేకపోయినా. కోయంబేడులో ఎక్కువ పలికే వారాల్లో ఆ లోడు మీద సంఘానికి తక్కువ వస్తుంది. ఆ తేడాను రైతుకు సంఘం నిధి నుంచి కట్టిస్తున్నాం. ప్రతి సర్వసభ్య సమావేశంలో ఆ పద్దు దగ్గర ఎవరో ఒకరు లేచి నిలబడతారు. కరోనా పోయింది కదా, ఈ ఖర్చు ఇంకా ఎందుకు అంటారు. ఈసారి కూడా యువ రైతు ఒకరు లెక్కలన్నీ వేసుకుని వచ్చి అడిగారు. ఆయన లెక్కలో తప్పు లేదు. గంటకు పైగా వాదన జరిగింది. బైరెడ్డిపల్లె పెద్దావిడ ఏమీ మాట్లాడలేదు, చెయ్యి ఎత్తే వేళకు ఎత్తింది. బుధవారం లోడు కొనసాగాలన్న తీర్మానం ఏడు ఓట్ల తేడాతో నెగ్గింది. వచ్చే ఏడాది మళ్లీ అడుగుతానని ఆయన అన్నారు. ఆ పద్దును వేరు పేజీలో, లోడు లోడుకూ వచ్చిన తేడాతో సహా రాసి ఉంచమని మా లెక్కల వాళ్లకు చెప్పాను.